సొరపాదు వియ్యం

అక్క యాభై దగ్గరపడ్డాక పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. కుట్టుమిషన్ బాగుచెయ్యడానికి వచ్చినాయన బాగుచేసి ఊరుకోలేదు. మర్నాడు నూనె వెయ్యడానికి వచ్చాడు. ఆ పైన, వేసిన నూనె సరిపోయిందో లేదో చూడడానికి వచ్చాడు. అలా వచ్చి వచ్చి, చివరికి అక్కనీ మిషన్నీ కలిపి రైలెక్కించుకుపోయాడు. చెల్లెలు స్టేషన్‌కి వెళ్లి నవ్వుతూనే చెయ్యి ఊపింది. ఇంటికొచ్చి తాళం తీసి, “అక్కా, పాలు కాచావా?” అని అడిగి, తలుపు దగ్గరే కాసేపు నిలబడిపోయింది.

ఇంటి గింజలు దాచుకునేవాళ్ల గుంపు ఒకటి ఉండేది ఆ ఊళ్లో. నెలకో ఆదివారం, సెలవున్న బడి వరండాలో చేరి పొట్లాలు మార్చుకునేవారు. అక్కడ ఎవరి అసలు పేరూ ఎవరికీ అక్కర్లేదు. ఎవరు ఏ గింజ కాపాడుతుంటే అదే వాళ్ల పేరు. టమాటా మాస్టారు, బెండకాయ దంపతులు, ముల్లంగి డ్రైవరు. వీళ్లిద్దరూ సొరకాయ అక్కచెల్లెళ్లు. “మేం సొరకాయ కోతలు కోస్తే ఎవరూ తప్పు పట్టకూడదు, మా వృత్తే అది” అనేది అక్క, నలుగురినీ నవ్విస్తూ. అక్క పెళ్లయ్యాక చెల్లెలు ఒక్కతే వెళ్లిన మొదటిసారి, ఎవరో అలవాటుకొద్దీ “సొరకాయ అక్కచెల్లెళ్లు వచ్చారు!” అని కేకేశారు. కేకేసినవాళ్లే గతుక్కుమని, ఒక కుర్చీ ముందుకు జరిపారు.

వాళ్ల సొర మామూలు సొర కాదు. మెడ లేకుండా, చిన్న కుండలా గుండ్రంగా, లేతాకుపచ్చ ఒంటి మీద తెల్లటి చుక్కలతో కాస్తుంది. దాన్ని నిలబెట్టుకోవడం పెద్ద తలనొప్పి. దగ్గర్లో ఇంకో రకం సొరపాదు ఉంటే చాలు, పురుగులు దాని పుప్పొడి తెచ్చి దీనికి అంటించేస్తాయి. ఆ ఏడు కాయ చూడ్డానికి గుండ్రంగానే ఉంటుంది. లోపలి గింజ మాత్రం దారి తప్పిపోతుంది. మరుసటేడు ఏ ఆకారం కాస్తుందో ఎవరూ చెప్పలేరు. గుంపులో ఈ గింజ తీసుకున్నవాళ్లందరికీ అలాగే పోయింది. అక్కచెల్లెళ్ల డాబా మీద నిలిచిందంటే, అక్క వల్ల. సొరపువ్వు పొద్దువాలుతుండగా విచ్చుకుంటుంది. అక్క బడి ఆఫీసులో పని ముగించుకుని ఆ వేళకి ఇంట్లో ఉండేది. ఆడ మొగ్గా మగ మొగ్గా ముందే విచ్చుకోకుండా దారం కట్టి ఉంచి, సాయంత్రం విప్పి, తమ పాదు మగపువ్వునే తెచ్చి ఆడపువ్వుకి అద్ది, మళ్లీ దారం కట్టేసేది.

చెల్లెలిది పళ్ల డాక్టరు దగ్గర టోకెన్లిచ్చే ఉద్యోగం. జనానికి పళ్లు సాయంత్రాలే గుర్తొస్తాయి. డాబా మీద పువ్వు విచ్చుకునే వేళకి ఆమె కౌంటరు వెనక కూర్చుని, బుగ్గ వాచినవాళ్లకి వరస చెబుతూ ఉండేది.

పెళ్లి హడావుడిలో గింజల డబ్బా మూత సరిగా పెట్టలేదు. చెమ్మ తగిలి బూజు పట్టింది. ఉన్న గింజలన్నీ నాటితే మొలిచింది ఒక్కటే. ఆ సంగతి అక్కకి చెప్పకముందే అక్క ఫోన్ చేసింది.

“ఒసే, ఇక్కడ ఇంత పెరడుందే! గుండ్రటి సొర గింజలు నాలుగు పంపవూ? అన్నీ కొత్తగా ఉన్నాయి. గిన్నెలు కూడా నన్ను గుర్తుపట్టట్లేదు. మన పాదు ఒకటి పాకితే ఇల్లు నాదనిపిస్తుంది.”

“కాయ ఎండగానే పంపిస్తా” అంది చెల్లెలు. ఫోన్ పెట్టేశాక వెళ్లి ఆ ఒక్క పాదుకీ నీళ్లు పోసింది. అది నిలిస్తే ఇద్దరి మధ్యా ఇంకా ఏదో ఉన్నట్టు. లేకపోతే ఫోన్లో ‘తిన్నావా, పడుకున్నావా’ తప్ప ఏం మిగలదు.

సరిగ్గా ఆ ఏడే పక్క డాబా ఇంట్లోకి కొత్త దంపతులు దిగారు. దిగీ దిగగానే ఆ అమ్మాయి, చెవి విరిగిన స్నానాల బకెట్‌లో పొడుగు సొర నాటింది. కొత్త తీగ కనబడితే చాలు, కేక వేసి మొగుణ్ని పిలిచేది. అతను సగం గడ్డం గీసుకున్న మొహంతో పరిగెత్తుకొచ్చేవాడు. ఇద్దరూ బకెట్ పక్కన గొంతుక్కూర్చుని, తీగ నిన్నటి కన్నా ఎంత పెరిగిందో జానలు వేసి కొలిచేవారు. ఆవిడ జాన ప్రకారం ఒక లెక్క, ఆయన జాన ప్రకారం ఇంకో లెక్క. దాని మీద ఒక ముద్దుల కొట్లాట.

టమాటా మాస్టారికి సంగతి చెబితే ఆయన తల పట్టుకున్నాడు. “వెళ్లి చెప్పి పీకించెయ్యమ్మా. మొహమాటానికి పోతే గింజ పోతుంది.”

చెల్లెలు గొంతు సవరించుకుని పిట్టగోడ దగ్గరికి వెళ్లింది. నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి, “ఆంటీ, చూడండాంటీ, నా జీవితంలో మొదటి మొక్క! కాలేజీలో చదివింది వృక్షశాస్త్రమే, ఒక్క గింజ నాటితే ఒట్టు!” అంది, మట్టి చేతులతో జుట్టు వెనక్కి తోసుకుంటూ.

“బాగుందమ్మా” అంది చెల్లెలు. “ఆంటీ అనకు, అక్కా అను” అని చెప్పి వచ్చేసింది.

ఇక దారమే దిక్కు. క్లినిక్‌కి బయల్దేరేముందు మొగ్గలు వెతికి కట్టేది. కానీ విప్పి అద్దేదెవరు? ఆదివారం సెలవే, ఆడపువ్వు మాత్రం వారం చూసుకుని పూయదు కదా. ఒకే ఒక ఆదివారం కుదిరింది. ఎంతో శ్రద్ధగా అద్దింది. ఆ రాత్రి వాన కొట్టి, పిందె పసుపుపచ్చగా మారి రాలిపోయింది. పాదు ముదురుతోంది. కొత్త మొగ్గలు తగ్గుతున్నాయి. ఇంక ఆగే రోజులు లేవని, ఒక మధ్యాహ్నం పిట్టగోడ దగ్గర, సాయంత్రం తన బదులు పుప్పొడి అద్దిపెట్టమని ఆ అమ్మాయినే అడిగింది.

“పువ్వులకి మనం పెళ్లి చెయ్యడమా!” ఆ అమ్మాయి ఎగిరి గంతేసినంత పని చేసింది. “నేర్పించండక్కా!”

ఏ పువ్వు కింద బుల్లి కాయ ఉంటే అది ఆడపువ్వని చూపించింది. మగపువ్వు రేకులు తీసేసి ఎలా అద్దాలో, మళ్లీ దారం ఎలా కట్టాలో చూపించింది. కట్టడం ఎందుకో మాత్రం చెప్పలేదు. చెబితే, నీ పాదు వల్లే నాకీ తిప్పలన్నట్టు ఉంటుందని మింగేసింది.

ఆ సాయంత్రం క్లినిక్‌కి ఫోనొచ్చింది. “అక్కా, అయిపోయింది! మళ్లీ కట్టేశా, ముడి కూడా గట్టిగా వేశా!” ఆ సంబరంలో చెల్లెలు పళ్లు కడిగించుకోవడానికి వచ్చినాయన్ని ముందు లోపలికి పంపి, పిప్పిపన్ను ఆవిడ చేత నానా తిట్లూ తింది. తిట్లు తింటూనే నవ్వింది.

పిందె నిలిచింది. నిమ్మకాయంత అయింది, బత్తాయంత అయింది, ఎర్ర దారం తొడిమకి ఉండగానే కుండంత అయింది. ఎండలు ముదిరి పాదు వాడిపోయినా దాన్ని మాత్రం తీగకే ఉంచేసింది. పెంకు గట్టిపడి, ఊపితే లోపల గింజలు గలగలమన్నాక కోసి, పిట్టగోడ మీద పెట్టింది. అవతల బట్టలారేస్తున్న అమ్మాయి వచ్చి దాన్ని చెవి దగ్గర ఊపుకుంది. కళ్లు మెరిశాయి.

“ఈ పెళ్లి నేను చేసిందే కదక్కా! మీకు ఆ రోజు చెప్పనేలేదు, పెద్ద గొడవైంది తెలుసా. మీరు కట్టిన మగపువ్వు విప్పితే లోపల అన్నీ చీమలే. పుప్పొడి నలుసంత లేదు. పెళ్లికూతురేమో తయారై కూచుంది. ఏం చెయ్యాలో తెలీక మా బకెట్ వైపు చూశానా, పెళ్లికొడుకులు బోలెడుమంది! ఒకణ్ని కోసుకొచ్చి అద్దేశా. అంటే మీ పిల్ల, మా పిల్లాడు. మనిద్దరం వియ్యపురాళ్లమక్కా!”

చెల్లెలు చెయ్యి చాచి కాయని తన వైపు తీసుకుంది.

“అవునే, వియ్యపురాలివే” అంది. “బట్టలారెయ్, ఎండ పోతోంది.”

కిందకొచ్చి కాయని బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంది. పైకి చూస్తే ఏ తేడా లేదు. గుండ్రంగా, బుద్ధిగా ఉంది. గుంపులో ఇచ్చేస్తే ఈ ఏడు ఎవరికీ తెలియదు. అక్కకీ తెలియదు. వచ్చే ఏడు ఏదో కాస్తే, మీ దగ్గరే చెడిందని అనొచ్చు. అందరికీ అలాగే చెడింది కదా. ఇలాంటి మాట అక్కతో అంటే, నెత్తిన ఒక్కటి మొట్టి తేల్చేసేది. మొట్టేవాళ్లు లేకపోయేసరికి ఆ ఆలోచన చాలాసేపు ఇంట్లోనే తిరిగింది.

ఆదివారం గింజల పొట్లం బడి వరండాలో బల్ల మీద పెట్టింది. బెండకాయ దంపతుల్లో ఆవిడ అప్పటికే అరచెయ్యి చాచింది. అక్కడో పద్ధతి ఉంది. గింజ చేతులు మారేముందు, అది పండిన చోట చుట్టుపక్కల ఏం పెరిగిందో అడగాలి. అడిగాకే తీసుకోవాలి.

“పక్కన ఏముందమ్మా?” అన్నాడు టమాటా మాస్టారు, అడగాలి కాబట్టి.

“పక్కన పొడుగు సొరుంది మాస్టారూ. పుప్పొడి కూడా దానిదే అద్దారు. ఇవి గుండ్రటి సొర గింజలు కావు.”

చాచిన చెయ్యి మెల్లిగా వెనక్కి వెళ్లింది. మాస్టారు కళ్లజోడు తీశాడు. “మరి ఇంకెవరి దగ్గరైనా ఉన్నాయా, అసలువి?”

“మీ అక్కగారిచ్చినవి నాటితే మాకు మెడలొచ్చి బాతుల్లా కాశాయండి” అన్నాడు ముల్లంగి డ్రైవరు. అందరూ నవ్వారు.

“అయితే పోయిందన్నమాట” అన్నాడు మాస్టారు.

ఒక్కరూ ఆమెను ఏమీ అనలేదు. బెండకాయావిడ టీ పోసిచ్చి, బిస్కెట్ల పళ్లెం ఇటు జరిపింది. ఎవరైనా నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది చెల్లెలికి. తిట్టడానికి ఒక మనిషి కావాలనిపించి, ఇంటికెళ్లగానే అక్కకి ఫోన్ చేసింది. అవతల కుట్టుమిషన్ గరగరలాడుతోంది.

“గుండ్రటి సొర పోయిందే అక్కా” అంది. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది. చెమ్మ, వాన, మొహమాటం, చీమలు, పెళ్లికొడుకు, అంతా. మధ్యలో ఎక్కడో మిషన్ ఆగిపోయింది.

“ఆ పిల్లని తిట్టావా?”

“వియ్యపురాళ్లం అంది. ఏమని తిట్టను?”

అక్క నవ్వింది. నవ్వు మధ్యలో ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. “డబ్బా మూత నేనే కదే సరిగా పెట్టంది. ఆ రోజు కంగారులో…” అని ఆగి, “సరే, ఆ గింజలే పంపు” అంది.

“ఏం కాస్తుందో తెలీదు.”

“నేను మాత్రం తెలిసొచ్చానా ఇక్కడికి?”

“సుఖంగానే ఉన్నావా?” అని అడిగింది చెల్లెలు. ఇన్నాళ్లలో ఆ మాట అడగడం అదే మొదలు.

“ఉన్నానే” అంది అక్క నెమ్మదిగా. “అన్నం పెట్టేటప్పుడు ఇప్పటికీ ఇంకో కంచం ఎక్కువ తీసేస్తున్నా. అదొక్కటే.” అంతలో లోపల్నుంచి ఏదో పిలుపు. “వస్తున్నానండీ! ఉండవే, ఆయన సూది వెతుక్కుంటున్నారు, ఎదురుగానే ఉంటుంది, కనపడదు. పంపు మరి!”

ఫోన్ పెట్టేశాక ఇల్లు మళ్లీ చప్పుడు లేకుండా అయిపోయింది. చెల్లెలు గింజల్ని కాగితంలో మడిచి, పైన ఇంకో కాగితం మడత వేసింది, దారిలో చెమ్మ తగలకుండా. పొట్లం మీద ఎప్పుడూ ‘గుండ్రటి సొర’ అని రాసేవాళ్లు. పెన్ను పట్టుకుని ఆలోచించి, ఒట్టి ‘సొర’ అని రాసింది.

కిటికీలోంచి చూస్తే పొద్దు వాలుతోంది. పిట్టగోడ అవతల మొగుడూ పెళ్లాలు దేనికో పగలబడి నవ్వుతున్నారు. ఆదివారం, ఆ వేళకి ఇంట్లోనే ఉంది. పైన విప్పడానికి పువ్వేమీ లేదు. చెల్లెలు కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, వాళ్లు ఎందుకు నవ్వుతున్నారో వినబడుతుందేమోనని కూర్చుంది.