సంతకానికి నలభై పాఠాలు

హైదరాబాదు అశోక్‌నగర్‌లో ఒకరి బీఎడ్ రికార్డు మరొకరు రాసిపెట్టడం వింతేమీ కాదు. ఉద్యోగ ప్రకటనల కోసం హాస్టళ్లలో ఎదురుచూసే పిల్లలకు నాలుగు డబ్బులు వచ్చే ఆసరా అది. కాలేజీ గుమ్మం తొక్కకుండా బీఎడ్ చదివేవాళ్లకు అదొక సుఖం. ఇందులో తప్పుందని మనలో చాలామందికి తోచదు. చిక్కడపల్లి వీణకూ తోచలేదు.

వీణ ఓ ప్రైవేటు బ్యాంకు ఉద్యోగి. భర్త సుధీంద్రతో ఆస్ట్రేలియా వెళ్లాలని రెండుసార్లు ప్రయత్నించింది, రెండుసార్లూ వీసాకు కావలసిన పాయింట్లు చాలలేదు. అక్కడ టీచర్లకు గిరాకీ ఉందని వీసా కన్సల్టెన్సీవాళ్లు చెప్పగానే బీఎడ్‌లో చేరింది. బ్యాంకు మానకుండానే రెండేళ్లు గట్టెక్కించింది. సిరిసిల్ల నుంచి వచ్చి టీచరు పరీక్షకు చదువుకుంటున్న సంధ్య, ఆమె పాఠాల రికార్డంతా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టింది. ఇక బడిలో నలభై పాఠాలు చెప్పినట్టు సంతకం ఒక్కటే బాకీ. అదీ త్వరగా కావాలి. వచ్చే నెల వీణకు ముప్పై మూడు నిండుతాయి, నిండితే వయసు కింద వచ్చే పాయింట్లలో ఐదు తగ్గిపోతాయి.

నారాయణగూడలోని బడిలో ప్రధానోపాధ్యాయురాలు కమలాకుమారిగారు రికార్డు తెరిచారు. పేజీ తిప్పకుండా సంతకం పెట్టే రకం కాదావిడ. భిన్నాల పాఠం దగ్గర ఆగి ముచ్చటపడ్డారు. ఆరో తరగతిలో ఈ ఒక్క పాఠం చెప్పి రమ్మన్నారు.

వీణ బోర్డు మీద సగం, మూడో వంతు రాసి, సగమే పెద్దదని చెప్పింది. రెండో బెంచీలోంచి ఓ పిల్ల లేచింది.

"రెండు కంటె మూడు పెద్దది గద టీచర్. మూడో వంతు చిన్నదెట్ల అయితది?"

రికార్డులో రొట్టె ముక్కలతో వివరించాలని ఉంది. ఎలా వివరించాలో వీణకు తెలియదు. అది రూలని, గుర్తుపెట్టుకోమని చెప్పింది. ఆ పిల్ల సరేనంటూ కూర్చుని పుస్తకం మూసేసింది. వీణకు ప్రాణం చివుక్కుమంది. 

ఆఫీసు గదికి వెళ్లి ఉన్నదంతా ఒప్పేసుకుంది. కమలాకుమారిగారు కోప్పడలేదు. రోజుకొక పాఠం చెబితే ఏ రోజు సంతకం ఆ రోజే పెడతానన్నారు. అంటే పుట్టినరోజు దాటిపోతుంది. పాఠాలు చెప్పకుండానే మరో బడిలో సాయంత్రానికల్లా సంతకాలన్నీ పెట్టిస్తామని కన్సల్టెన్సీవాళ్లు ఫోన్ చేశారు. వీణ ఆ రాత్రి అన్నం సరిగా తినలేకపోయింది. సుధీంద్ర మాత్రం ఇన్నాళ్లు ఆగినవాళ్లం మరికొన్నాళ్లు ఆగలేమా అని తేలిగ్గా అనేశాడు.

మర్నాడు కన్సల్టెన్సీవాళ్లకు వద్దని చెప్పి, బ్యాంకుకు రెండు నెలలు సెలవు పెట్టి, సంధ్యను వెతుక్కుంటూ వెళ్లింది. జరిగింది విని సంధ్య తల దించుకుంది.

"రాసుడు సులువే అక్కా. గుర్తు పెట్టుకోమంటె రాదు, పంచి చూపియ్యాలె," అని హాస్టల్ రొట్టెలు రెండు తెచ్చి ముందు పెట్టింది. ఇకనుంచి ఎవరి రికార్డూ రాయనని కూడా చెప్పింది.

వీణ ఆ రొట్టెలతో తరగతికి వెళ్లింది. రెండో బెంచీ పిల్లను పిలిచి, ఒక రొట్టె స్నేహితురాలితో సమానంగా పంచుకోమంది. తర్వాత మూడో పిల్లను పంపి, ఇంకో రొట్టె ఇచ్చి ముగ్గురినీ సమానంగా పంచుకోమంది. ఆ పిల్ల తన ముక్కవైపు చూసి పకపకా నవ్వింది.

"మనుషులు పెరిగితె ముక్క తగ్గుతది టీచర్!"

వీణకు కళ్లు చెమర్చాయి. పాయింట్ల సంగతి సాయంత్రం దాకా గుర్తే రాలేదు.

పుట్టినరోజు పద్దెనిమిదో పాఠం నాడు వచ్చింది. ఐదు పాయింట్లు పోయాయి. వీణ ఆ రోజు దశాంశాలు చెప్పి, పిల్లలకు చాక్లెట్లు పంచి, హాయిగా ఇంటికి వెళ్లింది.

నలభయ్యో సంతకం పెట్టిన రోజు, పాయింట్లు తగ్గినా దరఖాస్తు పెడుతున్నానని, వస్తే వెళతానని, రాకపోతే ఇక్కడే ఏదో బడిలో చేరతానని కమలాకుమారిగారికి చెప్పింది. ఆవిడ తృప్తిగా నవ్వారు.

"తప్పకుండా వెళ్లమ్మా, పరాయి దేశానికి వెళ్లాలనుకోవడం తప్పెలా అవుతుంది? కానీ టీచరు ఉద్యోగాన్ని వీసా కాగితం అనుకోకూడదు. పాఠం చెప్పడం రాని టీచరు ఏ దేశానికి వెళ్లినా, ఆ నష్టం ఎదురుగా కూర్చున్న పిల్లలదే."