ముక్కూ మొహం తెలియని బావ

యమున శృంగవరపుకోటలో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పే టీచరు. బళ్ళో పిల్లల చేత నాటకాలు వేయించాలని ఆమె కోరిక. ముందు తనే నేర్చుకుందామని, విజయనగరంలో ఆదివారాలు జరిగే నటన క్లాసులో చేరింది. ఆమెని బండి మీద తీసుకొచ్చి, మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళే పని భర్త ధనరాజ్‌ది. అతను ఆమె మేనమామ కొడుకే, వరి పండించే రైతు. క్లాసు అయ్యేదాకా బయట అరుగు మీద కూర్చుని ఫోన్లో వీడియోలు చూసుకునేవాడు.

ఒక ఆదివారం జోరున వాన పట్టింది. ధనరాజ్ తడుస్తూ గుమ్మంలోకి జరిగాడు. క్లాసు చెప్పే కౌముది అతన్ని లోపలికి పిలిచింది. ఆమెది శ్రీకూర్మంలో తరతరాలుగా సంగీతం నేర్పే కుటుంబం. మాట నెమ్మదే గానీ పట్టు వదిలే రకం కాదు. ఈ గదిలో ఊరికే చూసేవాళ్ళకి చోటు లేదనీ, ఉంటే అందరితో పాటు చెయ్యాల్సిందేననీ చెప్పింది. వాన తగ్గేలా లేదు. ధనరాజ్ చెప్పులు విప్పి లోపలికొచ్చాడు.

ఆ రోజు పాఠం, లేని గ్లాసుతో వేడి టీ తాగడం. ధనరాజ్ పిడికిలి బిగించి నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఆ పిడికిట్లో గ్లాసు పట్టే సందే లేదని కౌముది చూపించింది. అది ఎంత బరువుంది, వేలికి ఎక్కడ కాలుతోంది, అంచు పెదవికి ఎప్పుడు తగిలింది అని ఒక్కొక్కటీ అడిగింది. కాసేపటికి అతను ఆ గ్లాసుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, ఊదుకుంటూ తాగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాతి ఆదివారం వాన లేకపోయినా అతను లోపలికే వచ్చాడు.

మాటలు మొదలయ్యాక మాత్రం చిక్కొచ్చి పడింది. ముందుగా ఏదీ రాసుకోకుండా, అప్పటికప్పుడు సన్నివేశం అల్లాలి. ఎదుటి మనిషి ఏమన్నా అది నిజమని ఒప్పుకుని, దానికి తన వంతు ఒక మాట కలపాలి. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన సూరయ్య చేతులు జోడించుకుంటూ వచ్చి, డాక్టరుగారూ మా ఆవు మేత ముట్టడం లేదని మొదలుపెట్టాడు.

"నేను డాక్టర్ని కాదు" అన్నాడు ధనరాజ్.

సూరయ్య నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. సన్నివేశం ఇక కదల్లేదు. ఇంటికొచ్చిన మనిషి మొహం మీదే తలుపేసినట్టు అయిందని కౌముది అంది.

ఇంటికెళ్ళే దారిలో ధనరాజ్ గొణుగుతూనే ఉన్నాడు. తను డాక్టరు కానప్పుడు ఔనని ఎలా అంటాడని అతని వాదన. వెనక కూర్చున్న యమున నవ్వింది.

"ఇంటికాడా నువ్వంతే కదా బావా. నేనేటన్నా ముందు కుదరదనే అంటావు."

 ధనరాజ్ బండిని కొంచెం జోరుగా నడిపాడు.

మరో వారం కౌముది వాళ్ళిద్దరినీ కలిపి ఒక సన్నివేశం చెయ్యమంది. కొత్తవలస స్టేషను. రావాల్సిన బండి ఆలస్యం. ఒక బెంచీ మీద ముక్కూ మొహం తెలియని ఇద్దరు మనుషులు. యమున సంచి పట్టుకుని రాగానే, "ఒసే, ఆ సంచి ఇటు పెట్టు" అన్నాడు ధనరాజ్. గదంతా ఒకటే నవ్వు. మళ్ళీ మొదలుపెడితే ఏమనాలో తోచక బిగుసుకుపోయాడు. యమున ఉయ్యాల్లో ఉన్నప్పుడే తను ఆమెని ఎత్తుకున్నాడనీ, ఇద్దరూ ఒకరికొకరు కొత్తగా ఉన్న రోజంటూ ఏదీ లేదనీ, తెలియనట్టు మాట్లాడటం తన వల్ల కావడం లేదనీ చెప్పుకున్నాడు.

ఏం మాట్లాడాలా అని ఆలోచించొద్దు, ఆమె ఆఖరున అన్నది విని దానికి జవాబు చెబితే చాలు అంది కౌముది.

"ఇక్కడ కూకోవచ్చాండీ?" అని యమున మళ్ళీ మొదలుపెట్టింది.

"కూకోండి. ఎందాకా ఎల్తన్నారు?"

"అరకు దాకండి. కిరండూల్ బండికి."

"అక్కడేటైనా పనుందేటండీ?"

"పనేటీ లేదండి. ఆ బండి మా ఊరి మీంచే ఎల్తాది. సిన్నప్పట్నుంచి సూత్తన్నాను గానీ ఎప్పుడూ ఎక్కనేదు. సొరంగంలోకి దూరితే ఎలగుంటాదో సూడాలని."

ధనరాజ్ ఆమె వైపు తిరిగాడు. ఈ సంగతి అతనికి తెలీదు. ఎప్పుడో చెప్పే ఉంటుంది, తనే వినిపించుకోలేదేమో.

"మీ ఇంట్లో ఎవులూ తీసుకెళ్ళనేదా?"

"మా బావున్నాడండి. మంచోడే. ఎప్పుడడిగినా పొలమో గేదెలో అడ్డమొస్తాయి. అడగడం మానేసాను."

అందరూ నవ్వారు. ధనరాజ్ నవ్వలేదు. అలవాటు కొద్దీ ఏదో కాదనబోయి, ఆ మాట మింగేశాడు.

"నానూ ఆ బండికేనండి. కిటికీ పక్కన మీరు కూకోండి. సొరంగం వస్తే మాత్రం ముందే సెప్పండి. నాకు సీకటంటే బయ్యం."

యమున నటన మాటే మరిచిపోయింది. పొలానికి నీళ్ళు కట్టడానికి చీకటితోనే వెళ్ళేటప్పుడు అతను దారి పొడుగునా గొంతెత్తి పాడుకుంటూ పోతాడు. పాటలంటే అంత ఇష్టం కాబోలు అనుకుంది ఇన్నేళ్ళూ.

"అందుకేనా అలగ పాడుకుంటా ఎల్తావు?" అని అడిగేసింది.

"నాను పాడతానని మీకెలా తెలుసండీ?" అన్నాడు ధనరాజ్.

ఇక కౌముది కూడా నవ్వాపుకోలేకపోయింది.

ఆ వారంలోనే ధనరాజ్ గేదెల్ని తల్లి లక్ష్మీనరసమ్మకి అప్పజెప్పి, యమునని అరకు తీసుకెళ్ళాడు. సొరంగం వచ్చినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అయిపోగానే యమున చెప్పేది. ఒకసారి అవ్వకముందే అయిపోయిందని చెప్పి, అతను కంగారుగా తన చెయ్యి పట్టుకుంటే దారంతా నవ్వుతూనే ఉంది.

క్లాసులు ముగిసే ముందు కౌముది అందరి ఇళ్ళవాళ్ళనీ పిలిచి ప్రదర్శన పెట్టింది. లక్ష్మీనరసమ్మ ముందు వరసలో కూర్చుంది. స్టేషను సన్నివేశంలో బెంచీ మీద ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నాక, తెర వెనక నుంచి సూరయ్య బండి వచ్చిందని ప్రకటించాలి. అప్పుడు వాళ్ళు లేచి వెళ్ళిపోవాలి. కంగారులో సూరయ్య, యమున ఇలా కూర్చుందో లేదో అలా ప్రకటించేశాడు.

  యమున ఏం చెయ్యాలో తెలీక సగం లేచింది. ధనరాజ్ మాత్రం కూర్చునే, వచ్చిన బండిని ఇంజను నుంచి ఆఖరి పెట్టె దాకా నిదానంగా చూశాడు.

"పోన్లెండి. మనకింకా పరిచయమే అవ్వనేదు. తరవాత బండికెల్దాం" అన్నాడు.

హాలు నవ్వుతో నిండిపోయింది. యమున హాయిగా ఊపిరి తీసుకుని కూర్చుంది. తెర వెనక సూరయ్యకీ ధైర్యమొచ్చింది. తరవాతి బండి ఎప్పుడొస్తుందో తమకే తెలియదని గంభీరంగా ప్రకటించాడు. లక్ష్మీనరసమ్మ ఉండబట్టలేక, ఆ పిల్లది ఏ ఊరో అడగరా అని ముందు వరసలోంచి కొడుక్కి అందించింది. ధనరాజ్ దాన్నీ వదల్లేదు. ఏ ఊరని అడిగాడు. యమున చెప్పింది.

"మా మేనత్తదీ ఆ ఊరేనండి. ఆవిడకో కూతురుండాలి" అన్నాడు.

"ఉన్నాదండి. శానా మంచి పిల్ల" అంది యమున.

ఇక చాలించమని కౌముది పక్కనించి చేత్తో సైగ చేస్తూనే ఉంది. వాళ్ళిద్దరిలో ఒక్కరూ అటు చూడలేదు.