ఏడవని బిడ్డ

దర్జీ ఇంట్లో ఆడపిల్ల పుట్టి ఆరు రోజులైంది. పక్కనే కుట్టుమిషను టకటకలాడుతున్నా కదలకుండా పడుకున్న మనవరాలిని చూసి నానమ్మ మురిసిపోతోంది.

"మా బంగారం ఎంత బుద్ధిమంతురాలో! పొద్దుట్నుంచీ కిక్కురుమంటే ఒట్టు. వీళ్ళ నాన్నయితే ఇల్లు పీకి పందిరేసేవాడు" అంది బాలింతను చూడ్డానికి వచ్చిన నర్సమ్మతో.

ఇలాంటి మురిపెం చాటున ఎన్ని ఇళ్ళలో ప్రమాదం దాగి ఉంటుందో నర్సమ్మకు తెలుసు. పసిబిడ్డల చావులు తగ్గించాలని, పురుడు జరిగిన ప్రతి ఇంటికీ ప్రభుత్వం ఆమెను పంపుతోంది. ఆమె చేతులు కడుక్కుని బిడ్డ పాదం పట్టుకుంది. చల్లగా తగిలింది.

"పాలెప్పుడు తాగింది?"

"నిన్న సాయంత్రమండీ. నాకు భయంగానే ఉంది. నిద్రమత్తులే అన్నారు అత్తయ్య" అంది బాలింత.

నర్సమ్మ గడియారం చూస్తూ నిమిషంపాటు బిడ్డ ఊపిరి లెక్కపెట్టింది. డెబ్బై. అరవై దాటకూడదు.

"పెద్దమ్మా, పిల్లకి జబ్బు చేసింది. ఏడ్చే ఓపిక కూడా లేదు. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి."

"ఇంత పసిగుడ్డునా? రేపు చూద్దాంలే."

"రేపటిదాకా ఆగలేం. నన్ను తిట్టుకోవాలనుంటే బండెక్కాక తిట్టుకో."

దర్జీ మిషను ఆపి, బండి పిలవడానికి చెప్పుల్లేకుండానే బయటికి పరిగెత్తాడు. సర్కారు అంబులెన్సు వచ్చింది. బాలింత బిడ్డ బట్టలు సర్దుతుంటే, నర్సమ్మ బిడ్డను నానమ్మ గుండెకు ఆనించి పైన దుప్పటి కప్పింది. "నీ ఒంటి వేడి తగలనీ."

దారిలో ముసలామె మెల్లగా అంది: "మా అబ్బాయికి ముందు నాకు ఇద్దరు పుట్టారమ్మా. వాళ్ళూ ఇలాగే గమ్మున పడుకుని పోయారు. అప్పుడు మా గడప ఎవరూ తొక్కలేదు."

నర్సమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఆసుపత్రి వచ్చేదాకా తీయలేదు.

నాలుగో రోజు సూది గుచ్చగానే బిడ్డ వార్డు దద్దరిల్లేలా కెవ్వుమంది. నానమ్మ నవ్వుతూ ఏడుస్తూ, "ఏడవవే తల్లీ, గొంతు చించుకుని ఏడవవే!" అంది.

బిడ్డ కోలుకుని ఇల్లు చేరిన మరుసటి నెలలో నానమ్మ కూడా నర్సమ్మ వెంట పురిటి ఇళ్ళు తిరగడానికి బయలుదేరింది. పక్కవీధిలో ఒకావిడ తలుపు ఓరగా తీసి, "పిల్లాడు పడుకున్నాడు, తర్వాత రండి" అంది.

"లేపి చూపించమ్మా" అంది నానమ్మ. "నా ఇద్దరూ పోతే తలరాత అనుకున్నాను. చెప్పేవాళ్ళు లేక, తెలియక పోగొట్టుకున్నానని ఇప్పుడు తెలిసింది. నీకు చెప్పే మనిషి గుమ్మంలోకే వచ్చింది, లోపలికి రానివ్వు. పాలు మానేసిన పసిబిడ్డను ఒక్క పూట కూడా ఇంట్లో ఉంచుకోకూడదు."