గోడకు అటూ ఇటూ ఒకే తీగ

లూఎల్లా ప్రూయిట్ సలహా అడిగిన రోజున హార్లన్ డీట్జ్ "నాకు తెలియదండీ" అని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ ఇండియానాలో, అందులోనూ కార్బిన్స్‌విల్‌లో, ఫ్యాక్టరీ మూతపడేదాకా కరెంటు పని చేసిన మగవాడి నోట ఆ మాట రావడం చాలా కష్టం. ఉద్యోగం పోయినా పెద్దరికం పోదు కదా.

ఇద్దరిదీ ఒకే ఇల్లు. నడిమధ్య గోడ కట్టి రెండు వాటాలు చేశారు. కుడివైపు హార్లన్, ఎడమవైపు లూఎల్లా. నేలమాళిగ మాత్రం ఇద్దరికీ ఒకటే. ఆవిడ వృద్ధాశ్రమం వంటింట్లో పని చేస్తుంది, శని ఆదివారాలు తప్పకుండా వెళ్లాలి. ఆవిడ మనవడు కోల్బీ హైస్కూలు బాస్కెట్‌బాల్ జట్టులో ఉన్నాడు. ఉన్నాడంటే బెంచీ మీద ఉన్నాడు. పొడుగ్గా, సన్నగా, చెవులు ముందుకు వచ్చి, మూడేళ్లుగా తోటివాళ్లకు తువ్వాళ్లు అందిస్తున్నాడు. జట్టు ఆటలు శనివారం మధ్యాహ్నం ఊరి చానల్లో వస్తాయి. ఆవిడ ఆ వేళకు బంగాళాదుంపలు మెదుపుతూ ఉంటుంది.

"ఏదో మిషన్ ఉందటగా హార్లన్, టేపు లేకుండా టీవీలో వచ్చేదాన్ని దాచిపెట్టేది. నాకు పనికొస్తుందా? నాదేమో అన్నిటికన్నా చిన్న కేబులు. పెట్టె కూడా లేదు, గోడలోంచి వచ్చిన తీగని తిన్నగా టీవీకే పెట్టేశారు."

"ఎందుకు పనికిరాదండీ? చూసి కొనాలి, అంతే. కేబుల్ వాళ్లు అద్దెకిచ్చేదానికి పెద్ద ప్యాకేజీ కావాలి, అది మనకొద్దు. నెలనెలా చందా కట్టే రకం ఉంది, దానికి మన ఊరి చానల్ ఒకటుందనే తెలీదు. మీకు కావాల్సింది పాత వీసీఆర్‌లాగా చానలూ టైమూ మనమే పెట్టుకునే రకం. లోపల హార్డ్ డిస్క్ ఉంటుంది. నేనొచ్చి ఏరిపెడతాలెండి."

"నువ్వుండబట్టి సరిపోయింది. నన్నొక్కదాన్నే పంపితే మైక్రోవేవ్ కొనుక్కొచ్చేదాన్ని."

అతను చెప్పినదంతా నిజమే. చెప్పనిది ఒక్కటే. ఫ్యాక్టరీ మూతపడ్డాక హార్లన్ తన కేబుల్ కోయించేసుకున్నాడు. చలికాలం వచ్చింది, బాస్కెట్‌బాల్ మొదలైంది, ఇల్లు పాడుబడ్డట్టు అనిపించింది. ఒకనాడు నేలమాళిగలోకి దిగి, లూఎల్లా ఇంటికి పోయే తీగను కోసి, మధ్యలో ఒక తీగను రెండుగా చీల్చే స్ప్లిటర్ బిగించి, రెండో కొసను తన వాటాలోకి లాక్కున్నాడు. ఈ ఒక్క సీజన్‌కే అనుకున్నాడు. దొంగతనానికి మొదట్లో అందరూ గడువు పెట్టుకుంటారు.

కొట్టులో హార్లన్ అరమీద ఉన్న ప్రతి రికార్డర్‌నీ తిప్పి వెనక చూశాడు. కుర్ర సేల్స్‌మన్ ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు. చివరికి వెండిరంగుది ఒకటి తీశాడు. లూఎల్లా పక్కనే నిలబడి, "ఈయన చెప్తే ఇక తిరుగులేదు బాబూ. మా ఇంటి ఇంజనీరు," అంది. హార్లన్ పొంగిపోయాడు.

ఆ పొంగు ఇంటికొచ్చి మిషన్ బిగించగానే చల్లారింది. బొమ్మ నిండా చుక్కలు. అంతకుముందు ఆవిడ టీవీలో బొమ్మ కాస్త మసకగానైనా వచ్చేది. ఇప్పుడు స్ప్లిటర్ దగ్గర సగం సిగ్నల్ పోయి, మిగిలినదాన్ని రికార్డర్ కూడా పంచుకునేసరికి ఆటగాళ్లు మంచుతుఫానులో పరిగెత్తుతున్నట్టున్నారు. కారణం హార్లన్‌కి ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

"తీగలో ఏమైనా లోపం ఉందా హార్లన్?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "తీగకేం, తీగ బాగానే ఉంది," అన్నాడు గబుక్కున. "మిషనే పిచ్చిది. మార్పిద్దాం."

మార్పించారు. కొట్టువాడు తమ దగ్గర పెట్టి చూపిస్తే బొమ్మ అద్దంలా వచ్చింది. అయినా హార్లన్ వాడితో వాదించాడు, ఈ కంపెనీ సరుకే నాసిరకమన్నాడు, గొంతు పెంచాడు. తను అబద్ధమాడుతున్నానని తెలిసి అంత గట్టిగా అరవడం అతనికి అదే మొదలు. కుర్రాడు మొహం చిన్నబుచ్చుకుని నల్లరంగుది ఒకటి తెచ్చిచ్చాడు. అందులోనూ చుక్కలే. లూఎల్లా మాత్రం, "నీకెంత శ్రమ ఇచ్చానో," అని ఒక గిన్నెడు పెర్సిమన్ పళ్ల పుడ్డింగు తెచ్చిపెట్టింది. అతను దాన్ని తిన్నాడు. తిన్నాడు కూడానా అని మీరు అడగొచ్చు. ఇంటావిడ పోయిన తర్వాత ఇంట్లో చేసిన తీపి అతనికి దొరకలేదు మరి. ముద్ద ముద్దకీ సిగ్గుపడుతూనే గిన్నె ఖాళీ చేశాడు.

స్ప్లిటర్ తీసేస్తే సరిపోతుంది. రోజూ పొద్దున్నే అదే అనుకునేవాడు. కానీ ఉన్నట్టుండి బొమ్మ బాగుపడితే ఎందుకని ఆవిడ అడుగుతుంది. తనకేమో ఆటలుండవు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని వారాలు నెట్టుకొచ్చాడు.

ఫిబ్రవరిలో ఒక శనివారం. లూఎల్లా పనికి వెళ్లింది, గోడకు అటువైపు రికార్డర్ తనంతట తాను తిరుగుతోంది. ఇటువైపు హార్లన్ సోఫాలో కాళ్లు చాపుకుని అదే ఆట చూస్తున్నాడు. అతనిది పొట్టి తీగ, రికార్డరూ లేదు, బొమ్మ శుభ్రంగా ఉంది. కార్బిన్స్‌విల్ బాగా ముందుంది, ఆట అయిపోవస్తోంది. కోచ్ బెంచీ వైపు తిరిగి వేలు చూపించాడు.

కోల్బీ లేచాడు. పైజాకెట్ గుండీలు ఊడదీయబోయి, అవి రాక, తలమీంచి లాగేశాడు. ఆ చెవులు, ఆ మోకాళ్లు. హార్లన్ కూడా సోఫాలోంచి లేచి నిలబడ్డాడు.

అప్పుడు తట్టింది అతనికి, గోడకు అటువైపు ఈ పిల్లాడు చుక్కల్లో కొట్టుకుపోతున్నాడని. మూడేళ్లు ఎదురుచూసిన ముసలమ్మకి తన మూలాన దక్కేది ఆ మసకే. ఇన్నాళ్లూ అణచుకున్న సిగ్గు ఒక్కసారిగా కాళ్లలోకి దిగినట్టయింది. పట్టకారు అందుకుని నేలమాళిగ మెట్లు దబదబా దిగాడు. స్ప్లిటర్ మర చెమ్మకి తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. చర్మం చీరుకుపోయేలా తిప్పాడు. అది ఊడింది. ఆవిడ తీగ రెండు కొసల్నీ తిన్నగా కలిపి బిగించి, తన తీగను మూలకు విసిరేసి, మెట్టు మీద కూలబడ్డాడు. పైన అతని టీవీ మూగపోయింది. చాలా రోజుల తర్వాత మనసు తేలికపడింది. దేవుడు కూడా చూసి ఉంటాడనుకున్నాడు.

చీకటి పడుతుండగా లూఎల్లా తలుపు కొట్టింది. ఇంకా వంటింటి ఏప్రన్ విప్పలేదు.

"మా అమ్మాయి ఫోన్ చేసింది. కోల్బీ బుట్టలో వేశాడట హార్లన్! జిమ్ మొత్తం లేచి నిలబడిందట. రా, రా, ఇద్దరం చూద్దాం. నేనింకా పెట్టలేదు, నువ్వేగా ఆ మిషన్ ఏరింది."

అతను వెళ్లాడు. ఆవిడ రిమోట్‌తో ముందుకు పరుగెత్తించింది. చుక్కల్లో కోచ్ వేలు చూపించాడు. చుక్కల్లో కోల్బీ జాకెట్ తలమీంచి లాగాడు. "అదుగో, వాడే," అని లూఎల్లా నవ్వింది. కోల్బీ గీత దాటి లోపలికి అడుగుపెట్టాడు.

తెర నీలంగా మారింది. మాటా లేదు, బొమ్మా లేదు.

నీలం అలాగే ఉండిపోయింది. తర్వాత టక్కున బొమ్మ వచ్చింది, ఒక్క చుక్క లేకుండా, అద్దంలా. రెండు జట్లూ వరుసలో నడుస్తూ చేతులు కలుపుకుంటున్నారు. ఆట అయిపోయింది.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని ఎన్నిసార్లు వినలేదు మనం, హార్లన్ లాంటివాళ్ల గురించి. కానీ ఆ సోఫాలో కూర్చున్నప్పుడు అతనికి ఏ సామెతా తోచలేదు. భూమి చీలితే బాగుండుననిపించింది.

లూఎల్లా వెనక్కి తిప్పింది. మళ్లీ నీలం. మళ్లీ తిప్పింది.

"నువ్వు ముందే అన్నావు, ఈ కంపెనీ సరుకే నాసిరకమని," అంది చివరికి. "నేనే పెద్దగా పట్టించుకోలేదు."

ఇంకేం, దారి దొరికింది. అవునని తలూపితే చాలు.

"పోనీలే. నువ్వు మీ వాటాలో చూసే ఉంటావుగా. ఎలా వేశాడో చెప్పు. నెమ్మదిగా చెప్పు, ఏదీ వదిలిపెట్టకుండా." ఆవిడ రిమోట్ ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఎడమ పక్కనుంచి..." అన్నాడు హార్లన్. "బంతి అందుకుని..."

మూసిన ఆ కళ్లను చూశాడు. అబద్ధం మధ్యలో ఆగిపోయింది.

"నేను చూళ్లేదు, మిసెస్ ప్రూయిట్. అప్పుడు నేను కింద ఉన్నాను. మీ తీగ ఊడదీస్తున్నాను."

చెప్పడం మొదలుపెట్టాక అంతా చెప్పాడు. కోయించుకున్న కేబులు, దొంగ తీగ, కొట్టువాడి మీద అరవడం, ఆ పుడ్డింగు కూడా. ఆవిడ కళ్లు తెరిచి అతన్నే చూస్తూ వింది.

"మీకు బాగా కనపడాలని తీశానండి. వాడు లోపలికి వస్తున్నాడని, చుక్కల్లేకుండా చూసుకుంటారని."

లూఎల్లా తెరవైపు తిరిగింది. అక్కడ ఎవరో కుర్రాళ్లు స్పష్టంగా, మెరుస్తూ, చేతులు కలుపుకుంటున్నారు.

"చుక్కలున్నా చూసేదాన్నిగా హార్లన్," అంది. "నా మనవణ్ణి నేను గుర్తుపట్టనా?"