మగ్గం గుంత

ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు ఇంత శుభ్రంగా కడుగుతారా? రుక్మాబాయి అనుమానం అక్కడే మొదలైంది. ఎమ్మిగనూరులో ఆమె వెనక వాటాలో ఎంతమంది దిగలేదు, ఎంతమంది పోలేదు! గోడలకు మేకులు, దొడ్లో తెగిన చెప్పులు, వంటింట్లో వేలు మందాన జిడ్డు వదిలిపోవడమే వాళ్ళకు తెలిసిన మర్యాద. ఈ గిరిజమ్మ మాత్రం తెల్లారి లేచింది మొదలు కిటికీ ఊచలు కూడా ఒక్కొక్కటే తుడుస్తోంది. ఏదో చేసినవాళ్ళే కదా ఇంతలా తుడిచిపెట్టేది!

గిరిజమ్మ, శివయ్య నేతపని చేసుకునే ఆలుమగలు. ముందుగదిలో బండలు లేపి, గుంత తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని ఇన్నేళ్ళూ మగ్గం నేశారు. నేల తవ్వనిచ్చే ఇంటివాళ్ళు దొరకడం గగనం. అలాంటివాళ్ళను రుక్మాబాయి ఉన్నట్టుండి పొమ్మంది. కూతురు శృతి పురిటికి వస్తోంది మరి. రెండుసార్లు కడుపు పోయి, మూడోసారి నిలిచిన కాన్పు. ఆ గదిలోనే ఉయ్యాల కట్టాలని రుక్మాబాయి ఆశ.

పొమ్మంటే గిరిజమ్మ "సరేలేమ్మా" అంది, అంతే. ఆదోనిలో ఎక్కడో ఇల్లు చూసుకున్నారు. నాలుగు తిట్లు తిట్టిపోయి ఉంటే రుక్మాబాయి నిమ్మళంగా ఉండేది. తిట్టనివాళ్ళు మనసులో ఏం పెట్టుకుని పోతారో ఎవరికి తెలుసు? పైగా మొన్న సోమవారం పనిగట్టుకుని ఉరుకుందకు పోయి వచ్చింది. ఈరన్న స్వామి ముందు ఎవరి పేరు చెప్పి మొక్కిందో ఏమో!

మగ్గం కొయ్యలన్నీ టెంపోకు ఎక్కించేశారు. ఇక గుంత పూడ్చి బండలు పరిస్తే పని అయిపోతుంది. సరిగ్గా అప్పుడే గిరిజమ్మ తలుపు మూసింది. మట్టి పోయడానికి పట్టపగలు తలుపు మూయడమెందుకు? రుక్మాబాయి కాళ్ళు ఊరుకోలేదు. దొడ్డివైపు కిటికీ దగ్గరికి పిల్లిలా నడిచింది.

గిరిజమ్మ గుంతలో దిగి ఉంది. చేతిలో ఎర్రగుడ్డ మూట. పెదవులు కదులుతున్నాయి. మూటను అడుగున పెట్టి పైకెక్కి, మొగుడికి సైగ చేసింది. శివయ్య తట్టెడు మట్టి పోశాడు.

రుక్మాబాయి గబగబా చుట్టూ తిరిగి వచ్చి తలుపు తోసింది.

"ఏం పూడుస్తాండారు?"

"ఏం లేదమ్మా," అంది గిరిజమ్మ.

"నా కండ్లతో చూసినా. ఎర్రమూట. ఏముంది దాంట్లో?"

"సెప్పగూడదమ్మా. దాని మీద మనిషి పండుకున్నంక సెప్తా."

ఉన్న కాస్త ఓపికా ఆ మాటతో పోయింది. "పండుకునేది ఎవరు? నా బిడ్డ! తవ్వు శివయ్యా, బయటికి తీయి."

"తీయగూడదమ్మా, మీకు దండం పెడ్తా," అన్నాడు శివయ్య.

రుక్మాబాయి అతని చేతిలోంచి పార లాక్కుని, గుంత అంచున నిలబడి పొడిచింది. రెండో పోటుకు ఎర్రగుడ్డ చిరిగింది. పార కొసతోనే భయంభయంగా కెలికింది. సూదుల్లేవు, వెంట్రుకల్లేవు, నిమ్మకాయ లేదు. పసుపుకొమ్ము, కుంకుమ పొట్లం, గుప్పెడు వడ్లు. మధ్యలో కండె, నేతకోసం తెల్లనూలు చుట్టిన చిన్న గొట్టం.

"మగ్గం గుంతను ఉత్తగా పూడ్చరమ్మా మాలో," అంది గిరిజమ్మ. "మాకు కూడు పెట్టిన గుంత. దాని కడుపు నింపిపోవల్ల. ఈడికి ఎవురొస్తారో వాళ్ళ పేరు తల్సుకొని, యాడా తెగని కండె పెడ్తాం. ఇది శృతమ్మకు. ఆయమ్మ బిడ్డకు ఆయుసు ఆ నూలంత పొడుగుండాలని. ఉరుకుంద కుంకుమ గూడా దానికే తెచ్చినా."

రుక్మాబాయి కండె వైపు చూసింది. నూలు తెగి, కొస వేలాడుతోంది.

"నా చేత్తో నేనే తెంపితినే!" అంటూ గుంత పక్కనే కూలబడింది. సిగ్గు ఒకవైపు, భయం ఒకవైపు, ఏడుపు ఆగలేదు.

శివయ్య మొహం తిప్పుకుని టెంపో దగ్గరికి వెళ్ళిపోయాడు. చివరికి గిరిజమ్మే కండె తీసి, దొడ్లో నీళ్ళపొయ్యిలోని బూడిద వేళ్ళకు రాసుకుని, తెగిన కొసలు రెండూ కలిపి నులిమింది.

"తెగిన పోగు అతకడం మాకు దినామూ ఉండే పనే," అంటూ కండె రుక్మాబాయి చేతిలో పెట్టింది. "ఇంగ నేను పెట్టగూడదు. తెంపినోళ్ళే పెట్టల్ల. పెట్టినంక, దాని మీద మనిషి పండుకునేదాంక ఎవురికీ సెప్పొద్దండి."

"మట్టి నేను పోసుకుంటాలే. మీరు పొండి," అంది రుక్మాబాయి, తల ఎత్తకుండా.

టెంపో వెళ్ళిపోయింది. ఆమె మోకాళ్ళు పట్టుకుంటూ గుంతలో దిగింది. కండెను వెలుతురుకు పెట్టి అతుకు కోసం వెతికింది. కనబడలేదు. అసలు అతికిందా? ఊరికే నులిమినట్టు చేసి ఇచ్చిందా? లాగి చూడటానికి ధైర్యం చాల్లేదు. తాను వెళ్ళగొట్టిన మనిషి చేతినే ఇప్పుడు నమ్మాలి. కండెను చిరిగిన ఎర్రగుడ్డలో చుట్టి, శృతి పేరు తలుచుకుని అడుగున పెట్టింది.

"అమ్మా! ఆ గుంతలో ఏం పెడ్తాండావు?"

ఉలిక్కిపడి తలెత్తింది. సాయంత్రం బస్సుకు రావలసిన శృతి, సంచీతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏం లేదు," అంది రుక్మాబాయి, మూట మీదికి మట్టి తోస్తూ.

"నేను చూసినా. ఎర్రమూట. ఏందది?"

"చెప్పగూడదు."

శృతి సంచీ వదిలేసి, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, ఒక అడుగు వెనక్కి వేసింది.