ఇంజన్‌లో అన్నీ బాగానే ఉన్నాయి

కెనడాలోని సస్కటూన్ నగరం ఇంకా నలభై కిలోమీటర్లుందనగా, ఇంజన్ వేడెక్కిందని చెప్పే ఎర్రదీపం స్టీరింగ్ వెనక మూడోసారి వెలిగింది. వర్నాకు కుడికన్ను శుక్లంతో మూసుకుపోయింది, ఎడమది ఫర్వాలేదు. పక్కసీట్లోంచి ఆ దీపాన్ని ముందు చూసింది ఆవిడే.

"ఆపు. మళ్లీ వెలిగింది."

"ఆపుతున్నా, ఆపుతున్నా. కిటికీలు దించు," అంటూ ఆమె భర్త ఒరెస్ట్ హీటర్ పూర్తిగా తిప్పాడు. అలా చేస్తే ఇంజన్ వేడి కొంత లోపలికి వచ్చేస్తుందట. ఏప్రిల్ నెలాఖరు ఎండ చాలదన్నట్టు మొహమ్మీదికి కుంపటి. వర్నాకు ఒళ్లు మండిపోయింది.

ఒంటిగంటకి ఆవిడకి కంటి ఆపరేషన్. పదకొండు నెలలు ఎదురుచూస్తే వచ్చిన వంతు. వేళకి రాకపోతే పేరు మళ్లీ వరసలో చివరికి పోతుందని ఆసుపత్రివాళ్లు ఫోన్లో రెండుసార్లు చెప్పారు. ఇప్పుడు పన్నెండు కావస్తోంది.

ఒరెస్ట్ కారుని రోడ్డు పక్కన నిలిపి బానెట్ ఎత్తాడు. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ నిండుగా ఉంది. ఫ్యాను తిరుగుతోంది. ఎక్కడా కారడం లేదు. రేడియేటర్ గొట్టాలు పైదీ కిందదీ ముట్టుకుని చెయ్యి విదిలించుకున్నాడు.

"రెండూ వేడిగానే ఉన్నాయి. అంటే థర్మోస్టాట్ బానే తెరుచుకుంటోంది. ఇంజన్‌లో అన్నీ బాగానే ఉన్నాయి."

"బాగుంటే ఇక్కడెందుకున్నాం మహానుభావా? మొదటిసారి ఆగినప్పుడు బెల్టన్నావు. రెండోసారి థర్మోస్టాటన్నావు. ఇప్పుడేంటి?"

"వాటర్ పంపు అయ్యుంటుంది."

"అయ్యుంటుందా! నలభై ఏళ్లు ట్రాక్టర్లు బాగుచేశానని ఊరంతా చెప్పుకుంటావు!"

"నువ్వలా నెత్తిమీద కూర్చుంటే ఏదీ తోచదు. పావుగంట చల్లారనీ."

పావుగంట! వర్నా దిగి విసురుగా ముందుకొచ్చింది. నిరుడు కోతలప్పటి గడ్డిపోచలు రేడియేటర్‌కి అడ్డంపడ్డాయేమోనని ముందున్న జాలీలోంచి రెండువేళ్లు దూర్చింది. వేళ్లకి గరుకుగా అట్ట తగిలింది. వంగి చూస్తే ఈ చివర్నుంచి ఆ చివరికి బిగించి కట్టిన అట్టపెట్టె మూత. నవంబరులో చలి మైనస్ ముప్పైకి దిగినప్పుడు ఇంజన్ వేడెక్కడానికని అక్కడ అందరూ కట్టుకునేదే, ఈస్టర్‌కల్లా అందరూ విప్పేసేదే. ఇది మాత్రం ఇంకా గాలి చొరకుండా అలాగే ఉంది.

"విప్పలేదా నువ్వు?"

"ఏది?"

"అట్ట!"

"విప్పుదామనే చూశాను. కనబడలేదు. నువ్వు తీసేశావనుకున్నా."

"కనబడలేదా? బల్లంత ఉంటే కనబడలేదా? నీ కళ్లేమైనా..." అంటూనే వర్నా ఆగిపోయింది. ఈరోజు కూడా మూడుసార్లు దాని మీదికే వంగి చూశాడు, జానెడు దూరం నుంచి. "ఒరెస్ట్, ఆ రోడ్డు పక్క పచ్చబోర్డు మీద ఏముంది?"

"సస్కటూన్."

"ఎన్ని కిలోమీటర్లని ఉంది?"

అతను చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఎప్పట్నించి?"

"క్రిస్మస్ నుంచి. అంతా పాలు ఒలికినట్టు ఉంటోంది. తెలిసిన రోడ్డే కదా, నడిపేస్తున్నా. ముందే చెప్తే నిన్నెవరు తీసుకెళ్తారు?"

నాలుగు నెలలుగా ఈ మనిషి పక్కన నిశ్చింతగా కూర్చుని తిరిగింది. వర్నా కోపమో భయమో తెలియని దాంతో ఆ అట్టని చీల్చి లాగి గుంటలోకి విసిరికొట్టింది. తాళాలు లాక్కుని తనే స్టీరింగ్ ముందు కూర్చుంది. ఒక్క కంటితో, నెమ్మదిగా. వేడిముల్లు సగానికి దిగి అక్కడే నిలబడింది.

ఒంటిగంటకి పది నిమిషాలుందనగా ఆసుపత్రి బల్ల ముందు నిలబడ్డారు.

"ఆపరేషన్ అయ్యాక మిమ్మల్ని ఇంటికెవరు తీసుకెళ్తారమ్మా? కారు నడిపేవాళ్లు లేకపోతే చెయ్యరు," అంది నర్సు.

వర్నా దారంతా ఈ ఒక్క అబద్ధాన్నే సిద్ధం చేసుకుంది. 'మా ఆయన' అనబోయింది.

"నేను కాదమ్మా," అన్నాడు ఒరెస్ట్, టోపీ చేతిలో నలుపుతూ. "నాకు కనబడటం లేదు."

క్రిస్మస్ నుంచి దాచినవాడికి నిజం ఇప్పుడే గుర్తొచ్చిందా! వర్నాకు నెత్తీనోరూ కొట్టుకోవాలనిపించింది. నర్సు కాగితం పక్కకి పెట్టబోతోంది.

"ఆగమ్మా," అంది వర్నా. "ఈ రాత్రికి ఇక్కడే మోటెల్లో ఉంటాం. టాక్సీలో వెళ్తాం. తోడు ఈయన ఉంటాడు. కారు ఇక్కడే వదిలి రేపు బస్సెక్కుతాం. సరేనా?"

నర్సు ఇద్దర్నీ మార్చిమార్చి చూసి మళ్లీ కాగితం దగ్గరికి లాక్కుంది.

"ఈయన పేరు కూడా రాసుకో. కళ్లకే."

"వంతు రావడానికి ఏడాది పడుతుందమ్మా."

"పట్టనీ," అంది వర్నా, అతని జేబులో తాళాలు లేవని తెలిసీ ఒకసారి తడిమి చూసి. "అందాకా కారు నేను నడుపుతా."