అతికించిన రెండు పేజీలు

మా అత్తగారు ఉర్సులా వంటల పుస్తకం నాలుగు తరాల ఆడవాళ్ల చేతిరాత. ఒక పేజీలో ఆపిల్ మురబ్బా, దాని వెనకే దగ్గు మందు, ఆ పక్కన కుక్కకాటుకు పూత. ఆమెకు చూపు మందగించడంతో ఆ చలికాలం దాన్ని కొత్త పుస్తకంలోకి ఎక్కించే పని నామీద పడింది. పాలు పితికి, రొట్టెలు కాల్చి, ఇంటికి ఏల్ బీరు కాచాక ఈకకలం పట్టుకునేదాన్ని. "కూర్చుని రాసుకోవడమేగా" అనేవాడు నా భర్త జర్వేస్.

"ఆ రెండు పేజీలూ వదిలెయ్ థామసిన్. పిండి పడి అతుక్కుపోయాయి" అంది అత్తగారు. ఒలికిన పిండి అంచుల వెంబడి అంత తిన్నగా పరుచుకోదు. ఎవరో జిగురు రాసి అతికించారు.

పెళ్లై మూడేళ్లయినా నా కడుపు పండలేదు. వచ్చినవాళ్ల ముందు జర్వేస్ నవ్వుతూ, "చవిటినేల అంటగట్టారు నాకు" అనేవాడు. అత్తగారు మాత్రం రోజూ పొద్దున్నే ఒంటికి బలమంటూ చేదు కషాయం తెచ్చి, చివరి గుక్క దిగేదాకా అక్కడే నిలబడేది. ప్రేమేననుకున్నాను.

ఆదివారం ఆమె చర్చికి వెళ్లగానే ఆ పేజీలను నీటి ఆవిరికి పట్టి విడదీశాను. 'నెల తప్పకుండా చూసే కషాయం' అని ఉంది. మొదటి దినుసు సదాపాకు. రోజూ నా కప్పులోంచి వచ్చే వాసన అదే. కింద మూడు పేర్లు. డోర్కస్, హెస్టర్: జర్వేస్ మొదటి ఇద్దరు భార్యలు, జ్వరంతో పోయారని నాకు చెప్పినవాళ్లు. మూడోది నా పేరు.

మూడు రోజులు తాగినట్టు నటించి, ఆమె మసకచూపు కప్పి కషాయం పొయ్యి బూడిదలో పోశాను. ఆమె తిన్న గిన్నెలోంచే తిన్నాను. ఆమె రొట్టె కోస్తుంటే కత్తినే చూస్తూ కూర్చున్నాను. నాలుగోనాడు పొయ్యి శుభ్రం చేస్తుంటే తడిసిన బూడిద ఆమె చేతికి తగిలింది.

"చూశావన్నమాట."

"వాళ్లిద్దరికీ ఎన్నాళ్లు పోశారు?" అన్నాను.

ఆమె పొయ్యి పక్కన కూలబడింది. "వాళ్లకి పొయ్యలేదే. అందుకే పోయారు. మరిచిపోకూడదని వాళ్ల పేర్లు రాసుకున్నా, నువ్వూ అలా పోకూడదని నీ పేరు. పందొమ్మిదేళ్ల డోర్కస్ మూడు రోజులు పురిటినొప్పులు పడింది. ఏడాది తిరిగేసరికి హెస్టర్. ఇద్దరికీ ఆఖరి స్నానం నేనే చేయించాను. దేవుడి చిత్తం అన్నాడు వాడు. నెల తిరక్కముందే నీ సంబంధం చూశాడు."

"నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే వాడికి చెప్పేదానివి."

నిజమే, చెప్పేదాన్నే. అయినా నా కోపం చల్లారలేదు. నా కడుపు సంగతి పడకమీద కొడుకూ, పొయ్యి దగ్గర తల్లీ తేల్చేశారు. చంపుతోందనుకున్న మనిషి నన్ను బతికించిందని తెలిసి కూడా ఆమెకు చెయ్యి అందించలేకపోయాను.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర జర్వేస్‌తో చెప్పాను, ఇకమీదట కషాయాలూ తాగను, అతని గదిలోనూ పడుకోనని.

"ఎవర్నడిగి?" అన్నాడు.

"ఎవర్నీ అడగలేదు."

అతను తల్లివైపు తిరిగాడు. ఆమె తలెత్తకుండా రొట్టె తుంచుతూ అంది:

"నా మంచం ఇద్దరికి సరిపోతుంది."